మేనా వచ్చిన రోజు



పాస్టరుగారి ఇంట్లో సినిమా కబుర్లేమిటని కొందరు అనుకోవచ్చు. అనుకున్నా ఫరవాలేదు. ప్రభువు తన దినాల్లో జనం ఎరిగిన సంగతులు పట్టుకొనే మాట్లాడాడు. పెండ్లివిందు, పోయిన నాణెం, ఇల్లు విడిచిపోయిన చిన్నకొడుకు, ఇవన్నీ వాళ్ల ఇళ్లలోని ముచ్చట్లే. మన తెలుగువాళ్లు ఎరిగిన కథల్లో ఒకటి ‘మల్లీశ్వరి’. 1951 డిసెంబరు 20న వచ్చిన వాహినీవారి చిత్రం. బి.ఎన్.రెడ్డి గారు తీశారు. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి, సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారిది. మల్లీశ్వరిగా భానుమతి, ఆమె బావ నాగరాజుగా ఎన్.టి.రామారావు. మన సంఘంలో పెద్దవయసు వాళ్లు కొందరు ఈ బొమ్మను టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద చూశారు. ఆ పాటలు ఇప్పటికీ కూనిరాగం తీస్తారు, మమ్మల్ని చూసి ఆపేస్తారు. ఆపక్కర్లేదని ఈ సందర్భంగా చెబుతున్నాం.

అందరూ దీన్ని ప్రేమకథ అంటారు. ప్రేమకథే. కానీ మేము చూసిన ప్రతిసారీ మా మనసు ప్రేమికుల దగ్గర ఆగదు. ఆ అమ్మాయి ఇంటి వాకిట్లో మేనా దిగిన ఘట్టం దగ్గర ఆగిపోతుంది. ఈ రోజు ఆ మేనా గురించే మీతో నాలుగు మాటలు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాం. శ్రీకృష్ణదేవరాయల కాలం, అంటే 1509 నుంచి 1529 వరకు ఆయన ఏలిన రోజులు. ఒక పల్లెటూళ్లో మల్లీశ్వరి, నాగరాజు చిన్ననాటి నుంచి ఒకరికొకరు అనుకున్న బావామరదళ్లు. ఒకనాడు దారిలో గాలివాన వచ్చి ఒక పాత కట్టడంలో తలదాచుకుంటారు. అక్కడ మల్లి ఆడుతుంది, పాడుతుంది. అదే సమయానికి రాయలవారు మారువేషంలో, అల్లసాని పెద్దనతో కలిసి అక్కడికే వస్తారు. ఎదుట ఉన్నది రాయలేనని తెలియని నాగరాజు, రాయలవారితో చెప్పి మా మల్లికి మేనా పంపించమని నవ్వులాటకు అంటాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకుంటాడు.

ఊళ్లో మల్లి తల్లి నాగమ్మ, డబ్బులేని వాడికి పిల్లనివ్వనంటుంది. నాగరాజు రోషపడి సంపాదనకు పోతాడు, ఉలి పట్టి శిల్పి అవుతాడు. ఆయన ఊళ్లో లేని సమయంలో నిజంగానే రాజధాని నుంచి మేనా దిగుతుంది, దాంతోపాటు ధనమూ వస్తుంది. నాగమ్మ సంతోషంగా ఒప్పుకుంటుంది. మల్లి రాణివాసానికి పోతుంది. నాగరాజు డబ్బు సంపాదించుకొని తిరిగొచ్చేసరికి, ఎవరికోసం సంపాదించాడో ఆ పిల్ల ఇంట్లో లేదు.

రాణివాసమంటే అప్పట్లో మాటలు కాదు. డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయల కాలంలోనే విజయనగరానికి వచ్చి, అంతఃపురంలో ఉండే స్త్రీలు బయటి మగవారి కంటబడే వీలు లేదని రాసిపెట్టాడు. లోపలికి వెళ్లిన ఆడపిల్లకు పట్టుబట్టలుంటాయి, నగలుంటాయి, పాట వినే రాణులుంటారు. వెనక్కి వచ్చే దారి ఉండదు. దాటితే మరణశిక్ష. ఈ కథంతా ఆ నియమం మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. ఈ సినిమాలో దుర్మార్గుడు ఎవరు? మామూలుగా ప్రేమకథల్లో ఒక జమీందారో ఒక దుష్ట మేనమామో ఉంటాడు. ఇక్కడ అలాంటివాడు లేడు. రాయలు కవి, రసికుడు, ప్రజలు మెచ్చిన రాజు. ఆయన ఎవర్నీ ఎత్తుకుపోలేదు, తన ఎదుట ఒకరు అడిగిన దాన్నే పంపాడు. నాగరాజు మంచివాడు. నాగమ్మ కూడా, నోరు పెద్దదే అయినా, బిడ్డను ద్వేషించే తల్లి కాదు. బిడ్డ మహారాజుల ఇంట్లో సుఖపడుతుందని నమ్మింది. ఇంతమంది మంచివాళ్లు కలిసి ఒక పిల్లను తిరిగిరాలేని చోటికి పంపించారు. ఆ పిల్లను మాత్రం ఎవ్వరూ అడగలేదు.

మనం రాజీ అనే మాట విన్నప్పుడు ఏదో నల్లటి ముఖంతో, కత్తి పట్టుకొని వస్తుందనుకుంటాం. అలా వస్తే తలుపు వేసుకుంటాం కదా. రాజీ మేనాలో వస్తుంది, ముందు బోయీలు, వెనుక కానుకలు. ఊరంతా వాకిట్లో నిలబడి, నీ అదృష్టం పండిందమ్మా అంటుంది. అందుకే దాన్ని గుర్తుపట్టడం కష్టం.

వాక్యంలో ఇటువంటి సంగతి ఉందా అని మీరడిగితే, ఉంది, అదీ మనం విశ్వాసులకు తండ్రి అని పిలుచుకొనే వాడి ఇంట్లోనే ఉంది. ఆదికాండము 12వ అధ్యాయం చదవండి. కనానులో కరవు వచ్చింది. అబ్రాము ఐగుప్తుకు దిగిపోయాడు. భార్య అందగత్తె, తనను చంపేస్తారేమోనని భయపడి, చెల్లెలినని చెప్పమన్నాడు. శారయిని ఫరో ఇంటికి తీసుకుపోయారు. ఆమెను బట్టి అబ్రాముకు గొర్రెలు, గొడ్లు, గాడిదలు, దాసదాసీలు, ఒంటెలు వచ్చాయి. ఈ పట్టిక చదివినప్పుడల్లా మాకు నాగమ్మ ఇంటి వాకిలి కళ్లకు కడుతుంది. ఒక గుమ్మం గుండా ఆడమనిషి బయటికి పోతోంది, ఇంకో గుమ్మం గుండా పశువులు లోపలికి వస్తున్నాయి. శారయి ఏమన్నదో ఆ అధ్యాయంలో ఒక్క మాట కూడా రాయబడలేదు. కానీ ఆమె పక్షాన దేవుడు లేచాడు. నోరెత్తని దాని కోసం ఫరో ఇంటినే కుదిపాడు.

అక్కడ మొదలు ఎక్కడో చూశారా? దురాశ దగ్గర కాదు, కరవు దగ్గర, భయం దగ్గర. నాగమ్మను తిట్టేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. లేనితనం చూసినవాళ్లకు బంగారం కేవలం బంగారంగా కనబడదు, రేపటి అన్నంలా కనబడుతుంది. బీదవాడి రాజీని, ఉన్నవాడు తన వరండాలో కూర్చొని తీర్పు తీర్చడం తేలిక.

మన సంఘంలోనే మూడేళ్ల కిందట జరిగిన ఒక సంగతి, పేర్లు లేకుండా చెబుతాం. ఆ కుటుంబం రాయమని చెప్పాకే రాస్తున్నాం. వాళ్లకు రెండెకరాలు. రెండు బోర్లు వేశారు, రెండింట్లోనూ దుమ్మే వచ్చింది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు నాలుగు లక్షలు దాటింది. వాళ్ల పెద్దపిల్లకు అప్పుడు 19 ఏళ్లు. టౌను నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్లికొడుక్కి నలభై దగ్గర వయసు, మొదటి భార్య చనిపోయింది. రెండంతస్తుల ఇల్లుంది. కట్నం వద్దు, పెళ్లి ఖర్చు మాదే, పైగా మీ అప్పు మేమే తీరుస్తాం అన్నారు. తల్లి మా ఇంటికి వచ్చి, “సంబంధం కుదరాలని ప్రార్థన చేయండి అయ్యగారూ, పిల్ల సుఖపడుతుంది” అంది. ఆ తల్లి కళ్లల్లో కపటం లేదు. ఎన్నో నెలల తర్వాత ఆమె ముఖంలో కాస్త తెరిపి కనబడింది.

మా సంఘంలో పెళ్లి ఒప్పుకొనే ముందు పిల్లనూ పిల్లవాడినీ విడివిడిగా మాట్లాడించడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. అయ్యగారు పిల్లవాడితో, అమ్మగారు పిల్లతో. ఆ సాయంత్రం మా ఇద్దరిలో అమ్మగారు ఆ పిల్లను పెరట్లోకి తీసుకెళ్లి, నీకు ఇష్టమేనా తల్లీ అని అడిగారు. ఆ పిల్ల తల వంచుకొని, “అడిగితే ఇష్టమే అని చెప్పమన్నారు అమ్మగారూ” అంది. అంతే. ఏడవలేదు, మొత్తుకోలేదు. చెప్పమన్న మాటను చెప్పమన్నారని చెప్పింది.

ప్రియులారా, ఆ రాత్రి మాకు నిద్ర లేదు. ఈ పెళ్లి మేము చేయలేమని చెప్పడం ఎంత పని? ఒక్క మాట. కానీ ఆ మాట తర్వాత నాలుగు లక్షల అప్పు ఎవరు తీరుస్తారు? మేనా వెనక్కి పంపించమని బోధించి, వాళ్ల ఇంటి వాకిట్లో వడ్డీవ్యాపారి కూర్చున్నప్పుడు మనం మన ఇంట్లో కూర్చుంటే, ఆ బోధకు విలువేముంది? యాకోబు భక్తుడు తన పత్రికలో అడిగింది ఇదే కదా, వట్టి చేతులతో సమాధానముగా వెళ్లమని పంపేస్తే ఏం ప్రయోజనమని.

మర్నాడు తల్లిదండ్రులతో, పిల్ల మనసులో లేని పెళ్లికి మేము నిలబడలేమని చెప్పాం. అదే రోజు సంఘపెద్దలు నలుగురు అప్పిచ్చినాయన దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. మూడు పూటలు తిరిగాక వడ్డీ సగానికి దించాడు. సంఘంలో స్త్రీలు తమ డ్వాక్రా గుంపులో మాట్లాడి ఆ తల్లికి తక్కువ వడ్డీకి కొంత ఇప్పించారు. మిగిలింది నెలనెలా కడుతున్నారు. ఇంకా తీరలేదు. ఆ పిల్ల నర్సింగు చదువుతోంది. తల్లి ఆదివారం గుడికి వస్తుంది కానీ, చాలాకాలం మాతో సరిగా మాట్లాడలేదు. మంచి సంబంధం చెడగొట్టారని ఆమె బాధ. ఆ బాధను మేము తప్పుపట్టం. ఇప్పుడు ఇది రాయమని చెప్పింది కూడా ఆమే. ఇంకో తల్లికి పనికొస్తుందేమో రాయండి అంది, మమ్మల్ని క్షమించాననైతే చెప్పలేదు.

ఇదంతా దేనికి చెబుతున్నామంటే, బీదింటి ముందు ఆగిన మేనాను తిప్పి పంపడం ఒక్క ఇంటివల్ల కాదు. ఊరు కావాలి, సంఘం కావాలి. నాగమ్మ పక్కన అటువంటి మనిషి ఒక్కరుంటే ఏమయ్యేదో అనిపిస్తుంది.

పెద్దలు పిల్లను అడిగిన ఇల్లు కూడా వాక్యంలో ఉంది. ఆదికాండము 24వ అధ్యాయంలో అబ్రాహాము దాసుడు ఇస్సాకుకు పిల్లను వెదుకుతూ వస్తాడు. రిబ్కా చేతులకు కడియాలు వేస్తాడు, వెండి బంగారు నగలు, వస్త్రాలు ఇస్తాడు. పెద్దలు రాత్రే మాట ఇచ్చేశారు, నిజమే. తెల్లవారి దాసుడు వెంటనే పోవాలని తొందరపెట్టాడు. అప్పుడు వాళ్లు అమ్మాయిని పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని ఆమెనే అడిగారు. వెళ్తానని ఆమె తన నోటితో చెప్పాకే పంపించారు. బంగారం ఇంట్లోకి వచ్చేసింది, ఒంటెలు బయట నిలబడి ఉన్నాయి, అయినా ఆ ఒక్క ప్రశ్న అడగడానికి చోటు మిగిలింది.

అదే ఇంట్లో ఇంకొకడున్నాడు, రిబ్కా అన్న లాబాను. చెల్లెలి చేతి కడియాలు చూసి బావి దగ్గరికి పరుగెత్తినవాడు. తర్వాత వీడు తన కూతుళ్లకు ఏం చేశాడు? రాహేలు కోసం యాకోబు ఏడేళ్లు చాకిరీ చేస్తే, రాత్రి లేయాను పంపాడు. లేయాను అడగలేదు, రాహేలును అడగలేదు. చివరికి 31వ అధ్యాయంలో ఆ అక్కచెల్లెళ్లిద్దరూ, నాన్న మమ్మల్ని అమ్ముకున్నాడు, మా సొమ్ము తినేశాడు అని వాపోయారు. చెల్లెల్ని అడిగిన ఇంటివాడే కూతుళ్లను అడగలేదు. కాబట్టి మా వంశంలో అటువంటివి లేవు, మాది భక్తిగల కుటుంబం అని ధీమాగా ఉండొద్దు. ఒక్క తరం చాలు.

నాగరాజు నవ్వులాట గురించి కూడా ఒక్క మాట. వాడి మాటలో విషం లేదు, మరదల్ని ఆటపట్టించాడు, అంతే. కానీ తనది కానిదాన్ని తనదన్నట్టు ఇచ్చేశాడు. మన ఇళ్లల్లో ఉయ్యాలలోని పసిబిడ్డను చూసి, నా కోడలు పుట్టిందర్రా అంటారు. సరదాకే అంటారు. ఆ సరదా పదిహేనేళ్లు ఇంట్లో తిరుగుతుంది. ఒకరోజు ఆ పిల్ల చదువుకుంటానంటే, మాట పోతుందని గొడవ మొదలవుతుంది. పిల్లల జీవితం పెద్దల పరాచికానికి తాకట్టు వస్తువు కాదు.

యౌవనస్థుల కూడికలో ఈ కథ చెప్పినప్పుడు ఒక అబ్బాయి అడిగాడు, “మరి వాళ్లు నియమం మీరి కలుసుకోవడం తప్పు కాదా అయ్యగారూ?” మంచి ప్రశ్న. మేము చెప్పింది ఇది. ఎవరు ఎప్పుడు మాట ఇచ్చారో చూడు. మల్లి రాణివాసానికి తనంతట తాను మాట ఇచ్చి తప్పితే అది ఒక సంగతి. ఇక్కడ మాట ఇచ్చింది తల్లి, తీసుకుంది రాజు, శిక్ష మాత్రం పిల్లకు. తనను అడగకుండా వేసిన గొళ్లెం అది. అలాగని దీన్ని పట్టుకొని ఎవరికి వారు ఇంట్లో చెప్పకుండా పారిపొమ్మని మేము అనం. నాగరాజు మొదట వేరుగా నడిచాడు. లేచిపోదామనలేదు, చెమటోడ్చి సంపాదించుకొని ముఖం ఎత్తుకొని తిరిగొచ్చాడు. తన వంతు తాను చేశాడు. పెద్దలు తమ వంతు నిలబెట్టుకోలేదు. పిల్లల తొందరపాటు గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. పెద్దల తొందరపాటు గురించి ఎన్ని విన్నాం?

కథ చివర రాయలు సంగతి తెలుసుకొని ఇద్దరినీ క్షమిస్తాడు, కలిపి పంపిస్తాడు. చూసేవాళ్లు కళ్లు తుడుచుకొని లేస్తారు. మేమూ తుడుచుకున్నాం. కానీ ఆలోచిస్తే, ఆ ఇద్దరికి క్షమాపణ దేనికి? క్షమించవలసినది ఎవరు ఎవర్ని? రాజు పెద్దమనసు వల్ల ప్రాణాలు దక్కాయి, గొళ్లెం తీశారు. రాణివాసంలో మల్లి మేఘాలను చూస్తూ బావ కబురు అడిగిన రోజుల్ని మాత్రం ఏ రాజూ తిరిగి ఇవ్వలేడు. అందరికీ అంత మంచి రాజు దొరకడు కూడా. మన ఊళ్లలో చాలామంది మల్లీశ్వరులకు చివరి రీలు ఉండదు. పెళ్లి ఫొటో గోడ మీద ఉంటుంది, ఆ నవ్వు వెనక ఏముందో పుట్టింటివాళ్లు అడగరు.

గుడిలో పెళ్లి చేసేటప్పుడు మేము పెళ్లికూతురిని అందరి ఎదుటా అడుగుతాం, ఇతడిని భర్తగా అంగీకరిస్తున్నావా అని. ఎంతో గొప్ప ప్రశ్న. కానీ ఆ వేళకు బయట గాడిపొయ్యి మీద బిర్యానీ దిగిపోయి ఉంటుంది, మూడు ఊళ్ల చుట్టాలు బెంచీల మీద ఉంటారు. అప్పుడు ఏ పిల్ల కాదనగలదు? ఆ ప్రశ్నను ఇంట్లో, ఎవ్వరూ లేనప్పుడు, కాదన్నా కొంప మునగదని నమ్మకం కలిగేటట్టు, ముందే అడగాలి. అడిగి, ఆ జవాబు మనకు నచ్చకపోయినా వినాలి. వరకట్నం పుచ్చుకోవడమూ ఇవ్వడమూ నేరమని 1961లోనే చట్టం వచ్చింది. పిల్ల వల్ల వచ్చే లాభం కట్నం కాదు కదా అని మనసు సర్దుకునేవాళ్లున్నారు. డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయినా, మధ్యలో తూకానికి పెట్టింది ఆడపిల్లనే.

తల్లులారా, తండ్రులారా, ఈ వారం మీతో ఒక పని చేయించాలని మా కోరిక. పెళ్లీడు పిల్లలున్నవారు ఒక సాయంత్రం సంబంధాల మాట ఎత్తకుండా వాళ్ల పక్కన కూర్చోండి. నీకేం కావాలి అని అడగండి. వెంటనే మాట్లాడరు, చాలామంది పిల్లలకు ఆ ప్రశ్న కొత్త. మీరు తొందరపడకండి. పెళ్లీడు పిల్లలు లేనివారు, అప్పుల్లో ఉన్న పక్కింటిని ఒకసారి పలకరించి రండి. వాళ్ల వాకిట్లోకి ఏ మేనా వస్తోందో తెలుసుకోండి.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, నోరెత్తలేని శారయి పక్షాన లేచిన దేవా, మా ఇళ్లల్లో తల వంచుకొని సరేనన్న పిల్లలను నీవు ఎరుగుదువు. లేనితనంలో తల్లడిల్లే తల్లిదండ్రులను కూడా నీవు ఎరుగుదువు. బంగారం ఎదుట ఉన్నప్పుడు బిడ్డ ముఖం వైపు చూసే కళ్లు మాకు దయచేయుము. ఒకరి భారం ఒకరం మోసే చేతులు మా సంఘానికి దయచేయుము. ఆ అప్పు తీరేదాకా ఆ ఇంటికి తోడుగా ఉండుము. ఆ తల్లి మనసును నీవే ఓదార్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.